తోహిర్ కొరికిన రొట్టె

సనవ్‌బర్ రొట్టెకు వంక పెట్టినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే. వాడు ఆమె కన్నకొడుకు తోహిర్. వాడు కూడా జీవితంలో ఒక్కసారే వంక పెట్టాడు, అదీ ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతున్న రోజున.

అంతకుముందు చాలా ఏళ్ళుగా, పత్తిచేల మధ్య ఉన్న ఆ ఊరికి ఆమె తందూరే పెద్దదిక్కు. పెళ్ళయినా చావైనా పిండిమూటలు ఆమె గుమ్మంలోకే వచ్చేవి. మోచేతుల దాకా తడిబట్ట చుట్టుకుని, తందూరులోకి నడుం వరకూ వంగి, లోపలి గోడకు రొట్టె చరిచి, పైకి లేస్తూ ఎవరో ఒకరిని తిట్టడం ఆమెకు అలవాటు. పిండి పలచగా కలిపిన కోడలిని తిట్టేది, పచ్చికట్టె తెచ్చిన పొరుగమ్మను తిట్టేది, ఎవరూ దొరక్కపోతే దారిన పోయే మేకను తిట్టేది. సనవ్‌బర్ చేత తిట్లు తినకుండా సనవ్‌బర్ రొట్టె తినలేమని ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవారు. నోరు కారమే గానీ మనసు వెన్న అని ఆమె గురించి అంటే మాత్రం నేను ఒప్పుకోను. మనసు కూడా కాస్త మొండిదే. కానీ ఆ గుమ్మంలోంచి ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళలేదు.

ఆమె పుట్టింది ఆ లోయలో కాదు, పైన గార్మ్ కొండల్లో. చిన్నప్పుడే సర్కారువాళ్ళు కొండవాళ్ళందరినీ లారీలెక్కించి, పత్తి పండించుకోండని ఆ ఉడుకు లోయలో తెచ్చి దింపారు. ఆ లారీలో వాళ్ళమ్మ బట్టల మూట కూడా పక్కన పెట్టి, ఒక ఎండురొట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది సనవ్‌బర్ తండ్రి యుద్ధానికి పోతూ కొరికిన రొట్టె.

మా వైపు ఇల్లు విడిచి దూరం పోయేవాడు గడప దాటే ముందు రొట్టె ఒక అంచు కొరికి పోతాడు. మిగిలినదాన్ని గుడ్డలో కట్టి గోడకు వేలాడదీస్తారు. తిరిగొచ్చాక దాన్ని వాడే తిని ముగించాలి. ఇంట్లో నూకలు మిగిలినవాణ్ణి దేవుడు ఎలాగైనా ఇల్లు చేరుస్తాడని నమ్మకం. ఆ రొట్టెను ఇంకెవరూ ముట్టరు. ముట్టారంటే పోయినవాడికి నూకలు చెల్లిపోయాయని ఇంట్లోవాళ్ళే ఒప్పుకున్నట్టు.

సనవ్‌బర్ తండ్రి తిరిగి రాలేదు. ఆ యుద్ధపు కరువులోనే ఆమె తమ్ముడు తిండి లేక పోయాడు. వాడు పడుకున్న చోటికి సరిగ్గా పైన, గోడ మేకుకు, నాన్న రొట్టె వేలాడుతూనే ఉంది. తల్లి దాన్ని దించలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత తల్లి పోయిన రోజున సనవ్‌బర్ ఆ గుడ్డ విప్పితే, రొట్టె చేతిలోనే పొడైపోయింది. ఆ పొడి తీసుకెళ్ళి పెరట్లో పిట్టలకు చల్లింది. "పిల్లాడికి దక్కనిది పిట్టలకు దక్కింది" అని ఒక్కమాట అంది. ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

సరే, ఇక పారిపోయిన రోజు. ఆ చలికాలం మా దేశంలో అంతర్యుద్ధం రేగి, తుపాకులవాళ్ళు లోయలోకి దిగారు. కొండల నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళు ఏవేవో ముందే తెలుసుకుని మరీ దిగారు. పైఊళ్ళలో పొగలు లేస్తున్నాయి. తోహిర్ పత్తిచేల ట్రాక్టరు డ్రైవరు. తెల్లవారినప్పటి నుంచి వెనక తొట్టి తగిలించి, జనాన్ని ఏటివైపు చేరవేస్తున్నాడు. ఇంకొక్క తిరుగుడుకు బయల్దేరుతుంటే తల్లి అడ్డొచ్చింది. ఆమె చేతిలో అప్పుడే తందూరులోంచి తీసిన రొట్టె ఉంది. ఊరు తగలబడుతున్నా ఆమె పొయ్యి ఆరలేదు మరి.

"కొరుకు."

"అమ్మా, కాలవ అవతల ముసలాళ్ళు మిగిలిపోయారే. ఎక్కించుకుని నేరుగా ఏటిగట్టుకొచ్చేస్తా. ఇదేమన్నా దూరప్రయాణమా?"

"కొరకరా వెధవా!"

తోహిర్ వంగి ఒక అంచు కొరికాడు. నములుతూ పెళ్ళాం వైపు చూసి కన్ను గీటాడు. "ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు.

"నీ మొహం! పుట్టి బుద్ధెరిగాక నా చేతి ఉప్పుకు వంక పెట్టినోడు లేడు. వచ్చి మిగతాది తిను, అప్పుడు చెబుదువుగాని తక్కువో ఎక్కువో."

"వస్తూ ఉప్పు కూడా పట్టుకొస్తాలే" అని నవ్వి ట్రాక్టరెక్కాడు. తండ్రి మెడ పట్టుకుని వదలని చిన్నపిల్ల నిగోరాను కోడలు గుల్‌చెహ్రా బలవంతంగా లాక్కోవలసి వచ్చింది. పిల్ల ఏడుపు ట్రాక్టరు చప్పుడులో కలిసిపోయింది.

పంజ్ నదిని ట్రాక్టరు ట్యూబులమీద పలకలు కట్టి దాటారు. ఆ దాటడం గురించి ఎక్కువ చెప్పను. దాటినవాళ్ళెవరూ చెప్పరు. వీళ్ళ పిండిబస్తా ఏట్లో పోయింది. దుప్పట్లు పోయాయి. రొట్టెను మాత్రం సనవ్‌బర్ తలగుడ్డలో చుట్టి నెత్తిన కట్టుకుంది కాబట్టి తడి తగల్లేదు. అవతలి ఒడ్డున చీకటి పడేదాకా ఏటివైపే చూస్తూ నిలబడ్డారు. తోహిర్ రాలేదు.

ఆవలి ఒడ్డు అఫ్గానుల దేశం. అక్కడి పల్లెటూళ్ళవాళ్ళు రొట్టెలు తెచ్చారు, పాత బొంతలు తెచ్చారు. వాళ్ళ దేశంలో యుద్ధం మొదలై ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. వాళ్ళ గాదెల్లోనూ అడుగు కనిపిస్తోంది. అయినా పెట్టారు. ఆ తర్వాత వీళ్ళందరినీ ఏటికి దూరంగా, చెట్టూచేమా లేని ఇసుకనేల మీదికి పంపారు. అక్కడ గోతులు తవ్వి, పైన రెల్లు కప్పుకుని కాపురాలు పెట్టారు.

గుడిసె పని అవగానే సనవ్‌బర్ చేసిన మొదటి పని తందూరు కట్టడం. బంకమన్ను వెతికి, అందులో మేకబొచ్చు కలిపి, ఆ చలిలో వట్టికాళ్ళతో తొక్కింది. పక్క గోతిలో ఉండే సఫర్‌మో వచ్చి నడుంమీద చెయ్యి పెట్టుకుని చూసింది. సఫర్‌మో కూతురు ఏట్లో పోయింది. కూతురి కొడుకు, ఇంకా సరిగ్గా నడక రాని ఇద్దిబెక్, ఈమె వీపున గుడ్డతో కట్టి ఉన్నాడు.

"పిడికెడు పిండికి గతి లేదు, తందూరు దేనికి వదినా? చలికి అందులో దూరి కూర్చుంటావా?"

"పిండి వచ్చేనాటికి పొయ్యి ఎండి ఉండాలే, పిచ్చిదానా. నీలాగా పెళ్ళికొడుకు గుర్రం దిగాక పందిరి వేసేదాన్ని కాదు నేను."

"నోరు మాత్రం ఏట్లో కొట్టుకుపోలేదు నీకు" అని సఫర్‌మో నవ్వింది. ఆ గోతుల్లో నవ్వు వినబడ్డ రోజులు అవే. ఆ తర్వాత లేవు.

తోహిర్ రొట్టెను గుడిసె నడిమి కర్రకు వేలాడదీశారు. గుల్‌చెహ్రా పొద్దున లేస్తూనే ఆ మూటను వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేది. ఆమె ఏడ్చేది కాదు. రొట్టె ఉన్నంతవరకు ఏడవక్కర్లేదని ఆమె లెక్క.

అఫ్గాను పల్లెలు పెట్టిన రొట్టెలు అయిపోయాయి. రెల్లు వేళ్ళు ఉడకబెట్టడం మొదలైంది. అప్పుడు దోముల్లా షరీఫ్, అంటే మా ఊరి నమాజు పెద్దాయన, గుడిసె గుడిసెకూ తిరిగి ఒక మాట చెప్పాడు. ఎక్కడో దూరదేశంలో ఉన్న సాయం సంస్థ మనిషి రేపు వస్తున్నాడట. పరిస్థితి కళ్ళారా చూసి, ఎవరికి ముందు అవసరమైతే వాళ్ళకు ముందు పిండి లారీలు పంపుతాడట.

"చూడ్డానికి వచ్చేవాడు అతిథి కాదా?" అంది సనవ్‌బర్.

"అతిథే."

"అయితే అతని ముందు రొట్టె లేని ఉత్త గుడ్డ పరుస్తామా దోముల్లా? ఇల్లు పోయింది, వాకిలి పోయింది. ఆ ఒక్కటీ కూడా పోవాలా?"

దోముల్లా తలవంచుకున్నాడు. ఆమె మాట అందరికీ సబబుగానే తోచింది. ఇవాళ ఈ కథ వినేవాళ్ళకు పిచ్చిగా తోచవచ్చు. కానీ మా కొండవాళ్ళ రోగమే అది. ఆకలి చెప్పుకోం. చెప్పుకుంటే ఆకలి పోదు, పరువు మాత్రం పోతుందని మా పెద్దలు మాకు నేర్పారు. వాళ్ళను తిట్టాలో, తలచుకుని ఏడవాలో నాకిప్పటికీ తెలియదు.

సనవ్‌బర్ గిన్నె పట్టుకుని గుడిసెలన్నీ తిరిగింది. ఎక్కడెక్కడో దాచుకున్న గుప్పెడు, అరగుప్పెడు పిండి తెచ్చి పోశారు. సఫర్‌మో మాత్రం మూట ముడి విప్పడానికి తటపటాయించింది. ఆ కాస్త పిండినీ నీళ్ళలో కాచి ఇద్దిబెక్‌కు పోస్తోంది.

"మీ గుడిసెలో ఒకటి వేలాడుతోందిగా వదినా. అది పెట్టరాదూ దొరగారికి?"

మాట నోట్లోంచి రాగానే నాలిక కరుచుకుంది. సనవ్‌బర్ మొహం తందూరు నిప్పులా ఎర్రబడింది.

"నా కొడుకు చచ్చాడంటున్నావా?"

"అయ్యో, నా నోట్లో మన్నుపడ. పొరపాటొదినా. ఇదుగో, తీసుకో" అని మూటలో ఉన్నదంతా గిన్నెలో దులిపేసింది.

ఆ విదేశీయుడు మర్నాడు పొద్దున వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చలికి ముక్కు ఎర్రబడి ఉన్నాడు. వెంట కుందుజ్ పట్నం నుంచి వచ్చిన, మాట అటూ ఇటూ చెప్పే దుబాసీ ఘౌసుద్దీన్ ఉన్నాడు. దోముల్లా గుడిసెలో ఉన్నవాటిలో మంచి బొంత వేసి కూర్చోబెట్టారు. సనవ్‌బర్ తన దస్తర్‌ఖాన్ పరిచింది. అది పెళ్ళికి తెచ్చుకున్న అన్నం గుడ్డ, అంచున ఎర్రపూలు కుట్టింది. ఏరు దాటేటప్పుడు నడుంకు చుట్టుకుంది. దానిమీద పొగలు కక్కే రొట్టెలు పెట్టింది. పిల్లలు అతిథి చేతిలోని ముద్దకేసి చూస్తే దిష్టి అని, మర్యాద కాదని, పిల్లలందరినీ దూరంగా ఇసుకదిబ్బ వెనక్కు తోలేశారు. ఎముకలు తేలిన ఆ పిల్లలను చూడ్డానికే అతను అంత దూరం వచ్చాడు. వాళ్ళనే మనవాళ్ళు దాచిపెట్టారు.

"తిండి ఎలా ఉందని అడుగుతున్నాడు" అన్నాడు ఘౌసుద్దీన్.

"దేవుడి దయ" అన్నాడు దోముల్లా.

"పిల్లలు?"

"దేవుడి దయవల్ల బాగున్నారు."

ఘౌసుద్దీన్ ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, నాకు తెలుసు మీ సంగతి. ఇతనికి తెలీదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది బాబూ" అన్నాడు దోముల్లా. "ఆయన్ని తిననివ్వు. వేడిమీద బాగుంటుంది."

విదేశీయుడు రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవి చేసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. అందరూ సనవ్‌బర్‌ను చూపించారు. అతను చెయ్యి గుండెమీద పెట్టుకుని ఆమెకు తల వంచాడు. ఇల్లు విడిచిన తర్వాత మొదటిసారి సనవ్‌బర్ మొహం విప్పారింది. ఉప్పు ఎలా ఉందో అడగమని ఘౌసుద్దీన్‌తో అంది కూడా. సరిపోయిందన్నాడు.

కొన్నాళ్ళకు లారీలు వచ్చాయి. దూరంగా రోడ్డుమీద దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. జనం పరుగెత్తుకుంటూ ఎదురు వెళ్ళారు. లారీలు ఆగలేదు. నేరుగా దిగువనున్న ఇంకో శిబిరానికి వెళ్ళిపోయాయి. అక్కడివాళ్ళ దగ్గర గింజ కూడా లేదని, ఇక్కడైతే ఇంకా వేడివేడి రొట్టెలు దిగుతున్నాయని విదేశీయుడు చెప్పాడట. అతను అబద్ధం చెప్పలేదు. చూసింది చెప్పాడు.

ఆ తర్వాత పడింది మంచు. రెల్లు వేళ్ళు కూడా తవ్వడానికి లేకుండా నేల రాయైపోయింది. ముందు ముసలివాళ్ళు పోయారు. తర్వాత చంటివాళ్ళు. ఒక పొద్దున సఫర్‌మో గోతిలోంచి ఏడుపు కూడా రాలేదు. ఆమె ఇద్దిబెక్‌ను వీపునే కట్టుకుని బయటికి వచ్చింది. అందరూ చూసి, ముడి విప్పారు.

పాతిపెట్టి వస్తుంటే సనవ్‌బర్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. సఫర్‌మో చెయ్యి లాక్కోలేదు, అరవలేదు. నెమ్మదిగా అంది.

"నా పిడికెడు పిండి ఆ దొర తిన్నాడు వదినా. బాగుందన్నాడు కదూ?"

సనవ్‌బర్ గుడిసెలోకి వచ్చి కూర్చుంది. ఎదురుగా నడిమి కర్రకు మూట వేలాడుతోంది. ఆమె దానికేసి చూడలేదు.

నిగోరా అప్పటిదాకా "ఆకలి, నానమ్మా" అని రోజంతా గునిసేది. ఆ గొణుగుడు భరించలేక సనవ్‌బర్ ఒకటి రెండుసార్లు కసిరింది కూడా. తర్వాత పిల్ల అడగడం మానేసింది. బొంతలో పడుకుని రెల్లు కప్పుకేసి చూస్తూ ఉండేది. పిలిస్తే పలకదు, ఏడవదు. గుల్‌చెహ్రా అది చూసి, "పాపం, ఓర్చుకోవడం నేర్చుకుంది" అంది. సనవ్‌బర్‌కు ఆ మాట వినగానే చిన్నప్పటి రోజులు గుర్తొచ్చాయి. ఆమె తమ్ముడు కూడా ఆఖరున ఇలాగే ఓర్చుకోవడం నేర్చుకున్నాడు.

కోడలు ముళ్ళకంప ఏరడానికి వెళ్ళే దాకా ఆగింది. తర్వాత లేచి మూట దించింది. దేవుణ్ణి తలచుకుని బిస్మిల్లా అంది. కొరికిన అంచు, తోహిర్ పళ్ళ గాట్లున్న ఆ అంచు, జాగ్రత్తగా విరిచి పక్కన పెట్టింది. అది మాత్రం ఆమెవల్ల కాలేదు. మిగతాదాన్ని రాతితో కొట్టి, వేడినీళ్ళలో నానేసి, గంజిలా చేసి, పిల్లను ఒళ్ళో వేసుకుని వేలితో నాలికమీద రాసింది. మొదట పిల్ల మింగలేదు. సనవ్‌బర్ బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. చివరికి గొంతు కదిలింది. గిన్నె అడుగున మిగిలినదాన్ని తన వేలితో కూడా నాకలేదామె.

గుల్‌చెహ్రా కంపమోపు దించి లోపలికి వచ్చింది. అలవాటుగా చెయ్యి కర్రమీదికి పోయింది. అక్కడ ఉత్త తాడుంది.

"అత్తా..."

"పిల్లకు పెట్టాను."

గుల్‌చెహ్రా ఉన్నచోటే కూలబడిపోయింది. "నీ కొడుకే కదత్తా! నువ్వు కన్నవాడే కదా! చేతులెలా వచ్చాయి నీకు? ఆయన్ని చంపేశావు. నీ చేతులతో నువ్వే చంపేశావు!"

"వాడొస్తే వాడి కాళ్ళు పట్టుకుంటాను. నేను చెప్పుకుంటాను వాడికి. కానీ ఇది పోతే, వచ్చినవాడికి ఏం చెప్పను? నీ రొట్టె భద్రంగా ఉంది నాయనా, నీ కూతురు లేదని చెప్పనా?"

కోడలు చెవులు మూసుకుంది. ఆ రోజు నుంచి ఆమె అత్తతో మాట్లాడలేదు.

ఒక్క రొట్టె ఎన్ని పూటలు వస్తుంది? అది అయిపోకముందే సనవ్‌బర్ దస్తర్‌ఖాన్ మడిచి చంకన పెట్టుకుని రోడ్డుమీదికి వెళ్ళి కూర్చుంది. మంచులో రోజూ కూర్చునేది. చివరికి సాయం సంస్థ జీపు వచ్చింది. ఆమె లేచి రోడ్డుకు అడ్డంగా గుడ్డ పరిచింది, ఎర్రపూల అంచులు నలువైపులా సరిచేసి మరీ పరిచింది. జీపు కీచుమంటూ ఆగింది. విదేశీయుడూ ఘౌసుద్దీనూ దిగారు.

"రమ్మను" అంది సనవ్‌బర్. "నా అతిథి కదా, వచ్చి కూర్చోమను."

విదేశీయుడు ఉత్త గుడ్డకేసి, ఆమె మొహంకేసి చూశాడు.

"అతనికి చెప్పు బాబూ. ఆవేళ నేను పెట్టింది రొట్టె కాదు, మా పిల్లల ప్రాణం. మాకు సిగ్గెక్కువై పెట్టాం. ఇదీ మా అసలు దస్తర్‌ఖాన్. ఆవేళే ఇలా పరిచి ఉంటే, మా ఇద్దిబెక్ ఇసుకలో ఉండేవాడు కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇదుగో, అడుగుతున్నాను. నా జన్మలో మొదటిసారి అడుగుతున్నాను."

ఘౌసుద్దీన్ ఆమె మొహం చూడకుండా ఆ మాటలు అటు చెప్పాడు. విదేశీయుడు మోకాళ్ళమీద కూర్చుండిపోయాడు. ఏదో అన్నాడు.

"క్షమించమంటున్నాడమ్మా. నిజానికి నేనైనా గట్టిగా చెప్పాల్సింది. నేనూ చెప్పలేదు."

"క్షమాపణ నంజుకోవడానికి రొట్టె ఏదీ? లారీ ఎప్పుడు పంపుతాడో అది అడుగు."

లారీలు వచ్చాయి. పిండి, నూనె, పప్పు దించారు. పిల్లలకు గుడారం వేసి పాలపొడి కాచి పోశారు. నిగోరా లేచి కూర్చుంది, తర్వాత నిలబడింది, తర్వాత మళ్ళీ గునవడం మొదలుపెట్టింది. సనవ్‌బర్ తందూరు పొద్దున్నించి సాయంత్రం దాకా మండుతూనే ఉంది. కానీ ఆమె ఎవరినీ తిట్టడం లేదు. పిండి పలచగా కలిపి తెచ్చినా నోరెత్తకుండా తీసుకుని చరిచేది. ఆడవాళ్ళకు అది గుబులుగా ఉండేది. "ఒక్క తిట్టు తిట్టు పిన్నీ, తిన్నట్టే లేదు" అని ఒకరిద్దరు కదిలించి చూశారు. ఆమె నవ్వలేదు. సఫర్‌మో మాత్రం ఆ తందూరు దగ్గరికి రాలేదు. తన పిండిని రేకుముక్కమీద కాల్చుకునేది.

మంచు కరిగాక ఏటి అవతల నుంచి మరికొందరు వచ్చారు. వాళ్ళలో మీర్‌సైద్ అనే ముసలాయన ఉన్నాడు. కాలవ అవతల, తోహిర్ వెతుక్కుంటూ వెళ్ళిన ముసలివాళ్ళలో ఒకడు. అతను సనవ్‌బర్ గుడిసె వెతుక్కుని వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. అలా కూర్చున్నప్పుడే అందరికీ అర్థమైంది.

"కాలవ వంతెన మీద ఆపారు మమ్మల్ని. మీరు దిగి రెల్లులోకి పొండి తాతా, నేను వీళ్ళతో మాట్లాడతానన్నాడు. మేం దిగాం. తుపాకి మోత విన్నాం. ట్రాక్టరు ఇంజను ఆగలేదు తల్లీ, చాలాసేపు అలా ఆడుతూనే ఉంది."

"ఎప్పుడు?" అంది గుల్‌చెహ్రా. అన్నాళ్ళకు మొదటిసారి అత్త ముందు ఆమె నోరు విప్పింది.

"ఎప్పుడేంటమ్మా. ఆవేళే. మీరింకా ఏరు కూడా చేరి ఉండరు."

గుల్‌చెహ్రా గుండెలు బాదుకుని ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో ఆపుకున్నదంతా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి పాక్కుంటూ వచ్చి అత్త ఒళ్ళో తల పెట్టింది. "నువ్వు కాదత్తా. నువ్వు చంపలేదు. ఎన్నెన్ని మాటలన్నాను నిన్ను..."

సనవ్‌బర్ కోడలి తల నిమిరింది. కానీ ఆమె చూపు అక్కడ లేదు. కోడలికి దొరికిన ఊరట ఆమెకు దొరకలేదు. వంతెనమీద వాడు పడిపోయిన తర్వాతే ఆమె ఆ రొట్టెను నెత్తిన కట్టుకుని ఏరు దాటింది. లేనివాడి కోసం కర్రకు వేలాడదీసింది. పక్క గోతిలో ఒక పిల్లాడు గంజినీళ్ళకు లేక ఆరిపోతుంటే, ఇవతల చచ్చినవాడి కోసం ఒక రొట్టెకు కాపలా కాసింది. అమ్మ చేసిన పనే తనూ చేసింది. తన ఇంటి పిల్లవరకు వచ్చేసరికి మాత్రం దించింది.

దోముల్లా వచ్చి, చనిపోయినవాడి కోసం ఫాతిహా ప్రార్థన చదివాడు. దాచిన అంచు ముక్కను ఆమె చూపిస్తే, "దీన్ని ఏట్లో కలపొచ్చు, లేదా పిట్టలకు వెయ్యొచ్చు. తప్పు లేదు" అన్నాడు.

"పిట్టలకు వెయ్యను" అంది సనవ్‌బర్. "ఒకసారి వేశాను, చాలు."

దస్తర్‌ఖాన్ తీసుకుని సఫర్‌మో గోతికి వెళ్ళింది. వెనకే పిల్లను ఎత్తుకుని గుల్‌చెహ్రా వెళ్ళింది. సఫర్‌మో రేకు తోముకుంటోంది. తల ఎత్తలేదు. సనవ్‌బర్ ఆమె ముందు గుడ్డ పరిచి, మధ్యలో ఆ ముక్క పెట్టింది. పళ్ళ గాట్లు ఇంకా తెలుస్తున్నాయి.

"తోహిర్ పోయాడు. ఆవేళే పోయాడట" అంది. "ఇది నీ ఇద్దిబెక్‌కు పెట్టాల్సిన రొట్టె. పెట్టలేదు. నా బిడ్డకే పెట్టుకున్నాను. నన్ను తిట్టు సఫర్‌మో. నీకు పుణ్యముంటుంది, నన్ను తిట్టు."

సఫర్‌మో రేకు పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేను మాత్రం దించుదునా?" అంది. "నా కూతురు కొరికిన రొట్టె ఉంటే నేను నీ పిల్లకు పెడుదునా వదినా? పెట్టను."

ఆమె ముక్కను తీసుకుని కళ్ళకద్దుకుంది. రాయిలా ఉన్నదాన్ని మోకాలిమీద పెట్టి విరిచింది. ఒక ముక్క గుల్‌చెహ్రాకిచ్చింది, ఒకటి నిగోరా నోట్లో పెట్టింది, ఒకటి సనవ్‌బర్ చేతిలో పెట్టింది. మిగిలిన రవ్వ తను వేసుకుంది.

నలుగురూ నమిలారు. మెత్తబడ్డానికి చాలాసేపు పట్టింది. సనవ్‌బర్ నములుతూ నములుతూ ఒక్కసారి ఆగిపోయింది. ఆ రోజు ఆ తొందరలో, పొగల మధ్య, ఆ పిండి ఎలా కలిపిందో ఆమెకు గుర్తు లేదు.

"వాడన్నది నిజమే" అంది. "ఉప్పు తక్కువైంది."